రఫ్ఫాయన చెప్పిన అర్థం

తను చేసిన పనికి దగా అన్న మాట తగుతుందా, తగదా? ఈ ఒక్క అనుమానం రఫ్ఫాయనను ఇరవై ఎనిమిదేళ్లుగా వదల్లేదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు చేతులు జోడించి, ఇంట్లో వాళ్లందరి క్షేమం అడిగాక ఆఖర్న ఈ ప్రశ్న కూడా అడిగేవాడు. దేవుడు ఏనాడూ జవాబు చెప్పలేదు. "అన్నీ చూస్తావు గానీ ఇలాంటి సంగతుల్లో బొత్తిగా నోరు విప్పవు స్వామీ" అని గొణుక్కుని, సూదుల డబ్బా జేబులో వేసుకుని పనికి బయల్దేరేవాడు.

ఆయన పని రఫ్ఫు చెయ్యడం. బట్ట చిరిగిన చోట, కాలిన చోట, ఆ బట్టలోంచే తీసిన దారాలతో పడుగూ పేకా మళ్లీ అల్లి, చిరుగన్నది ఎప్పుడూ పుట్టలేదన్నట్టు చెయ్యడం. అతుకు వెయ్యడం వేరు, కుట్టడం వేరు. ఎవరైనా పొరపాటున "కుట్టు పని" అంటే ఆయన ఏమీ అనడు గానీ, ఆ రోజంతా కొంచెం ముభావంగా ఉంటాడు.

వీధి మలుపులో పొడుగాటి గది ఒకటి ఉంది. కిటికీ వైపు సగం రఫ్ఫాయనది, తలుపు వైపు సగం గొడుగులు బాగుచేసే గొడుగులాయనది. కిటికీ దగ్గర వెలుతురు పడే చోట రెండు కుర్చీలు. ఒకటి ఆయనకు, రెండోది ఆయన కూతురికి. కూతురు పదో ఏట సూది పట్టింది. ఇప్పుడు ఇరవై నాలుగు. కళ్లు తండ్రివి, నోరు తల్లిది. "కళ్లు నావి, నోరు నీది వచ్చాయే, ఇక దానికి ఎదురేముంది?" అని ఆయన భార్యతో అనేవాడు. ఆ మాట బెంగగా అంటున్నట్టు అనేవాడు గానీ, మీసం కింద నవ్వు దాగేది కాదు.

ఆ గదిలో ఒక అలవాటు ఉంది. బాగుచేసిన బట్టను అప్పగించే ముందు రఫ్ఫాయన దాన్ని బల్ల మీద పరిచి, బట్టగల మనిషి చూపుడువేలును రఫ్ఫు చేసిన చోట పెట్టిస్తాడు. "ఇదిగో, ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా" అని చెబుతాడు. కొందరు విసుక్కునేవారు.

"కనపడకుండా చెయ్యమని ఇస్తే, చూపించి మరీ పంపుతావేమయ్యా?"

"కనపడకుండా చెయ్యడం నా పనండీ. తెలియకుండా పంపడం నా పని కాదు."

ఈ మాటను కూతురు వీధి వీధంతా చెప్పుకునేది. స్నేహితురాళ్ల దగ్గర, బంధువుల ఇళ్లలో, చివరికి పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల దగ్గర కూడా. "మా నాన్న పని అలా ఉంటుంది" అని తల ఎగరేసేది. ఈ అలవాటు ఎలా మొదలైందో ఆ పిల్లకు తెలియదు. ఎవరికీ తెలియదు.

*

అప్పటికి రఫ్ఫాయనకు ముప్ఫై నిండలేదు. పెళ్లయి ఏడాది. చేతిలో పనితనం ఉంది, పేరు మాత్రం ఇంకా రాలేదు. పెద్ద వీధిలోని బట్టల షాపాయన నుంచి కబురు వచ్చింది. కొత్త సరుకు మూట విప్పుతుంటే కత్తి లోపలికి దిగి ఒక శాలువాను కోసేసింది. అది మామూలు శాలువా కాదు. ఒకవైపు ముదురు నీలం, రెండోవైపు బూడిద రంగు. ఎటు తిప్పి కప్పుకున్నా అటే ముఖం. అలాంటి బట్టకు వెనక అంటూ ఉండదు కాబట్టి, రఫ్ఫు చేసేవాడికి దారపు కొసలు దాచుకునే చోటే ఉండదు.

"అయ్యే పనేనా?" అన్నాడు షాపాయన.

"అవుతుందండీ."

"అయితే ఒకటే మాట. కుచ్చుల జోలికి పోకు. అక్కడ ఒక్క దారం తగ్గినా కొనేవాళ్లు పట్టేస్తారు."

చిక్కంతా అక్కడే వచ్చింది. రఫ్ఫుకు దారం ఆ బట్టలోంచే రావాలి. కోటుకైతే లోపలి మడతలో దొరుకుతుంది. ప్యాంటుకైతే కింది మడతలో దొరుకుతుంది. శాలువాకు మడతలు ఎక్కడివి? ఉన్నవి కుచ్చులే. వాటిని ముట్టుకోకూడదంటే ఇక మిగిలింది పక్క అంచు. దానికి తెలియకుండా ఒక్కో పోగు లాగి, దొంగతనంగా కూడబెట్టినట్టు కూడబెట్టాడు. తొమ్మిది రోజులు కూర్చున్నాడు. నీలం వైపు పూర్తయింది. బూడిద వైపు ఇంకా నాలుగు వరసలుండగా దారం అయిపోయింది.

బజారంతా తిరిగి అదే రంగు దారం తెచ్చాడు. కొత్త దారాన్ని ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, అది ముడుచుకునేంత ముడుచుకున్నాకే వాడాలని పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. ఆయనకూ నేర్పారు. కానీ నానబెడితే రంగు ఒక పిసరు తేలిపోతుందేమో, షాపాయన కనిపెడతాడేమో అని పొడిగానే వాడేశాడు.

మర్నాడు షాపులో శాలువా విప్పితే షాపాయన పావుగంట వెతికాడు. కోత దొరకలేదు. "నీ చేతికి దణ్ణం పెట్టాలయ్యా!" అన్నాడు. రఫ్ఫాయన జీవితంలో అలాంటి మాట అదే మొదటిసారి వినడం. కూలి లెక్కపెట్టే దాకా ఆగమంటే, ముక్కాలిపీట మీద కూర్చుని తన పనినే చూసుకుంటూ ఉండిపోయాడు. కాళ్లు నేల మీద ఆనడం లేదు.

అప్పుడు ఒక పంతులమ్మ వచ్చింది. ఇంచుమించు ఆయన ఈడే. షాపాయన నాలుగు శాలువాలు చూపించాడు. ఆమె చెయ్యి తిరిగి తిరిగి నీలం బూడిద శాలువా మీదికే వస్తోంది. ధర విని తటపటాయించింది. అటూ ఇటూ చూసి, పీట మీది మనిషి చొక్కా కాలరుకు గుచ్చిన రెండు సూదులు చూసింది.

"మీరు బట్ట సంగతి తెలిసినవారిలా ఉన్నారు. షాపాయన తన సరుకు బాగుందనే అంటాడు. మీరు చెప్పండి, ఇది ఎలా ఉంది? మీ మాట నమ్మి తీసుకుంటాను."

రఫ్ఫాయన షాపాయన వైపు చూడలేదు. శాలువా వైపే చూశాడు.

"చాలా బాగుందమ్మా. ఇలాంటి పని మళ్లీ చూడరు" అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గుండెల నిండా గర్వంతో అన్న మాట.

ఆమె కొనుక్కుపోయింది. నెల తిరక్కుండా ఒకసారి ఉతికింది. పొడిగా వాడిన నాలుగు వరసలూ ముడుచుకుపోయి, బూడిద వైపు పాత దెబ్బ మచ్చలా ముడతలు లేచాయి. షాపుకు వెళ్తే షాపాయన చేతులు దులుపుకుని, రఫ్ఫు చేసిన మనిషి గది ఎక్కడో చెప్పాడు. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి గదిలో బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు నలుగురు ఉన్నారు, గొడుగులాయన అప్పటికింకా ఆ గదిలో చేరలేదు. శాలువా విప్పి చూపించి ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"నేను అడిగినప్పుడు మీకు తెలుసా, తెలియదా?"

రఫ్ఫాయన తల దించుకున్నాడు.

"దగా" అంది ఆమె. రెండో అక్షరం మీద ఒత్తి, పెదాలు బిగించి. "దీన్నే దగా అంటారు." శాలువా మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నాలుగు వరసలూ ఊడదీసి మళ్లీ చేసిస్తానని చెప్పడానికి వారం తర్వాత బడికి వెళ్లాడు. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయిందన్నారు. అప్పటినుంచి ఆ వరసలు ఆయనకు బాకీగా, ఆ మాట అనుమానంగా మిగిలిపోయాయి. అమ్మింది నేను కాదు కదా. ధర చెప్పింది నేను కాదు. నా కూలి నేను తీసుకున్నాను. అబద్ధం కూడా ఆడలేదు. మరి దగా నాదెలా అవుతుంది? కాదంటే, ఆ మాట ఇంకా ఎందుకు గుచ్చుకుంటోంది?

*

ఒక మధ్యాహ్నం, సన్నగా తుంపర పడుతున్న వేళ, ఒక పెద్దావిడ గదిలోకి వచ్చింది. భుజాన గుడ్డ సంచి. చేతిలో రబ్బరుబ్యాండు వేసిన అట్టల కట్ట.

"రండమ్మా, గొడుగేనా?" అన్నాడు గొడుగులాయన హుషారుగా.

"గొడుగు వద్దు. మాటలు కావాలి."

"అవైతే బోలెడున్నాయి. గొడుగుకే డబ్బులు, మాటలు ఉచితం."

ఆమె నవ్వి, పీట లాక్కుని కూర్చుంది. ఎన్నో ఏళ్లుగా మాటలకు అర్థాలు రాసుకుంటున్నానని, బడి ఉద్యోగం అయిపోయాక ఈ ఊరి గ్రంథాలయంవాళ్లతో కలిసి మాటల పుస్తకం తయారుచేస్తున్నానని చెప్పింది. పండితులు చెప్పే అర్థాలు ఎలాగూ ఉన్నాయి. పనులు చేసుకునే మనుషులు ఏ మాట ఏ సందర్భంలో వాడతారో వాళ్ల నోటే విని రాసుకుంటున్నామంది. ఒక్కో మాటకు ఒక్కో అట్ట. అర్థం, దాని కింద ఒక ఉదాహరణ వాక్యం, ఆ పక్కన చెప్పినవారి పని. పేర్లు రాయరు, పని మాత్రమే రాస్తారు.

"అంటే 'గొడుగులు బాగుచేసేవాడు' అని అచ్చులో పడతానా?"

"మంచి మాట చెబితే పడతావు."

"అడగండి మరి, ఆలస్యమెందుకు!"

ఆమె కట్టలోంచి ఒక అట్ట తీసింది. "దగా. ఈ మాట ఎప్పుడంటావు?"

కిటికీ దగ్గర సూది ఆగిపోయింది. రెండో అక్షరం మీద అదే ఒత్తు. అవే బిగించిన పెదాలు. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. రఫ్ఫాయనకు ఇంకేమీ చూడాల్సిన పని లేకపోయింది. ఆమె మాత్రం ఆయన వైపు చూసినా ఆనవాలు పట్టలేదు. అప్పటి బక్కపలచటి కుర్రవాడెక్కడ, ఈ బట్టతల, ఈ మీసం ఎక్కడ!

"దగానా? రోజూ వింటూనే ఉంటానమ్మా" అన్నాడు గొడుగులాయన. "వాన వస్తుందని గొడుగు బాగుచేయించుకుంటారు. వాన రాకపోతే, ఉత్తపుణ్యానికి డబ్బు వదిలించావు, దగా చేశావంటారు. మబ్బుకూ నాకూ ఏదో పొత్తున్నట్టు!"

కూతురు కిలకిలా నవ్వింది. పంతులమ్మ కూడా నవ్వుతూ, "సరే, ఇప్పుడు నిజంగా చెప్పు. మోసానికీ దగాకీ తేడా ఏమిటి?" అంది.

గొడుగులాయన చేతిలోని కమ్మీ కింద పెట్టాడు. "ముక్కూమొహం తెలియనివాడు తూకంలో కొట్టేస్తే అది మోసమమ్మా. అరుస్తాను, తిడతాను, ఇంటికి పోయి అన్నం తింటాను. అదే నా సొంత తమ్ముడు కొట్టేస్తే దగా. ఆ పూట అన్నం దిగదు."

"బాగుంది. అంటే ముందు నమ్మకం ఉండాలి" అంటూ ఆమె రాసుకుంది. "నా దగ్గరున్న ఉదాహరణ కూడా అలాంటిదే. ఎన్నో ఏళ్ల కిందట రాసి పెట్టుకున్నాను, వినండి. 'రఫ్ఫు చేసిన శాలువాను కొత్తదని నమ్మించడం దగా.'"

కూతురి నవ్వు ఠక్కున ఆగింది. ఒళ్లోని కోటు బల్ల మీద పెట్టి లేచింది.

"ఏమిటండీ ఆ వాక్యం? రఫ్ఫు అన్న మాటకు దగా పక్కన ఏం పని?"

"కోప్పడకమ్మా. ఉదాహరణ కదా."

"ఉదాహరణే కొంప ముంచేది! పుస్తకం చదివిన పిల్లలకు రఫ్ఫు అంటే దగా అనే కదా గుర్తుండేది. మీరు ఎవరి దగ్గర మోసపోయారో నాకు తెలియదు. మా నాన్న సంగతి మాత్రం నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చూస్తున్నాను. వేలు పెట్టించి చూపించకుండా ఒక్క బట్ట ఈ గడప దాటలేదు. గొడుగుల బాబాయ్, నువ్వు చెప్పు!"

"దాటలేదు తల్లీ. నా సొంత చొక్కాకి కూడా నా వేలే పెట్టించాడు. 'నా చొక్కాకి చిల్లెక్కడుందో నాకు తెలియదా అన్నయ్యా' అంటే వినడే!"

"విన్నారుగా? ఒకడెవడో చేసిన పనికి పనిచేసేవాళ్లందరి మొహం మీదా మచ్చ పెడతారా? బడిలో పాఠాలు చెప్పినవారు, ఇదేనా న్యాయం?"

పంతులమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ పిల్ల మాటలు ఆమెకు తగిలాయని తెలుస్తూనే ఉంది. "నువ్వన్నది నిజమే" అంది నెమ్మదిగా. "ఒక్క మనిషి చేసినదాన్ని పని మీద రుద్దినట్టే అవుతుంది. కొట్టేస్తాను, వేరే ఉదాహరణ వెతుక్కుంటాను." కలం తీసింది.

కూతురు గెలిచింది. గెలిచి తండ్రి వైపు చూసింది, ఆ చూపు నిండా గర్వం. తన కూతురు తన పని కోసం అంత పెద్ద మనిషితో వాదించి నెగ్గడం చూసి రఫ్ఫాయన గుండె పొంగాల్సిందే. పొంగింది కూడా. కానీ ఆ పొంగు ఆయనకు బాగా గుర్తున్నదే. షాపులో పీట మీద కూర్చున్న రోజున పొంగినట్టే పొంగుతోంది. ఆ రోజూ ఒక మనిషి నమ్మి ఆయన వైపు చూసింది. ఈ రోజు కూతురు చూస్తోంది. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే ఆ వాక్యం చెరిగిపోతుంది, బిడ్డ దగ్గర పెద్దరికం నిలుస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

ఇరవై ఎనిమిదేళ్లుగా దేవుడు జవాబు చెప్పలేదనుకున్నాడు గానీ, ఆ ప్రశ్న అడగాల్సింది దేవుణ్ని కాదేమోనని ఆయనకు అప్పుడే తోచింది.

"కొట్టెయ్యకండమ్మా" అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఆ శాలువా ఒకవైపు నీలం, ఒకవైపు బూడిద రంగు. బూడిద వైపు నాలుగు వరసలు ముడుచుకుపోయాయి. మీరు అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే బాగుందన్నాను."

పంతులమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఆయన మొహాన్ని చాలాసేపు చూసింది.

"నువ్వా" అంది చివరికి. "ఆ రోజు ఆ మాట షాపాయన మీద కోపంతో అన్నాననుకున్నావా?"

"అదే అనుకుని బతుకుతున్నానమ్మా."

"కాదు. షాపాయన అమ్ముకునేవాడు, అతని మాటను సగానికి సగం తగ్గించుకునే వింటాం. నిన్ను నమ్మాను. కాలరు మీద సూదులు చూసి నమ్మాను. ఆ మాట నిన్నే అన్నాను."

ఇన్నేళ్లుగా ఏ మాట వినాల్సి వస్తుందోనని భయపడ్డాడో ఆ మాటే విన్నాడు. విచిత్రంగా, కాళ్ల కింద నేల గట్టిగానే ఉంది.

"నాదేనమ్మా. ఒప్పుకుంటున్నాను" అన్నాడు. "కానీ మీ వాక్యం కొంచెం తప్పు. నా బిడ్డ చెప్పింది నిజం. రఫ్ఫులో దగా లేదు. ఆ కోతను నేను కనపడకుండా చేశాను చూడండి, అది నా పనితనం, దానికి ఇవాళ్టికీ సిగ్గుపడను. మీరు బట్ట ఎలా ఉందని అడిగారు. నేను నా పని ఎలా ఉందో చెప్పాను. అబద్ధం ఆడలేదని ఇన్నేళ్లూ నన్ను నేను సముదాయించుకున్నాను. నిజం చెప్పి కూడా దగా చెయ్యొచ్చమ్మా. నమ్మి అడిగినవాళ్లకు ఏ నిజం కావాలో అది దాచి, మనకు గొప్పనిచ్చే నిజం చెబితే చాలు."

పంతులమ్మ అట్టను దగ్గరికి లాక్కుంది. తర్వాత పాత వాక్యాన్ని ఒక గీతతో కొట్టేసి, కింద కొత్తది రాసి, పైకి చదివింది.

"'చిరుగును కనపడకుండా అల్లడం పనితనం, నమ్మి అడిగినవారికి ఆ సంగతి చెప్పకపోవడం దగా.' సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా."

"చెప్పినవారు?" అని తనే అడిగి, తనే పక్కన రాసుకుంది. "రఫ్ఫు పనివాడు."

"నాది పడుతుందా పడదా, ఇంతకీ?" అన్నాడు గొడుగులాయన, గది కొంచెం తేలిక పడాలని.

"నీ తమ్ముడి వాక్యం కూడా పడుతుంది."

"వాడికి తెలిస్తే కొంప మునుగుతుందమ్మా. వాడు బంగారంలాంటివాడు, ఉదాహరణకి వాడుకున్నాను!"

ఆమె లేస్తుంటే రఫ్ఫాయన అడిగాడు. "ఆ శాలువా ఏం చేశారమ్మా?"

"పారెయ్యడానికి మనసొప్పలేదు, కప్పుకోవడానికీ ఒప్పలేదు. రాతబల్ల దగ్గర కుర్చీ మీద పరుచుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నీ పనితనం మీద కూర్చునే మాటలకు అర్థాలు రాస్తున్నాను."

"ఒక్కసారి తెచ్చివ్వండి. నాలుగు వరసలు మీకు బాకీ ఉన్నాను."

*

ఆ సాయంత్రం కూతురు తండ్రితో మాట్లాడలేదు. ఇంటికి నడిచేటప్పుడు రెండడుగులు ముందే నడిచింది. భోజనాల దగ్గర, "ఏమైందే మీ ఇద్దరికీ? పొద్దున వెళ్లేటప్పుడు బాగానే ఉన్నారుగా" అని తల్లి అడిగితే, "నాన్ననే అడుగు" అని పళ్లెం తీసుకుని లేచిపోయింది. ఆయన భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ విని, "ఇదా! నిద్రలో 'నాలుగు వరసలు, నాలుగు వరసలు' అంటుంటే ఏదో పెద్ద గిరాకీ అనుకునేదాన్ని" అంది. "పోన్లెండి, ఇప్పటికైనా బయటపడ్డారు" అని కూర గిన్నె ఆయన వైపు జరిపింది.

మర్నాడు పనిలో కూర్చున్నాక మధ్యాహ్నం దాకా కూతురు నోరు తెరవలేదు. తర్వాత సూది ఆపకుండానే అడిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నా గురించి అందరికీ చెప్పుకుంటుంటే వినడానికి బాగుండేది అమ్మడూ. అది పోతుందని."

"పెళ్లిచూపులవాళ్లకు కూడా చెప్పాను నాన్నా. వేలు పెట్టించకుండా మా నాన్న ఏ బట్టా ఇవ్వడని."

"అది నిజమే కదా."

"నిజమే. సగం నిజం." ఆ పిల్ల దారం కొస పళ్లతో తెంపింది. "ఇప్పుడు కూడా చెప్పుకుంటాను. ఎందుకు పెట్టిస్తాడో కూడా కలిపి చెబుతాను. నీకు అభ్యంతరమా?"

రఫ్ఫాయన కిటికీ వైపు తిరిగి, కళ్లలో ఏదో నలక పడినట్టు తుడుచుకున్నాడు. "ఎవరు అడ్డొచ్చినా ఆగుతావా నువ్వు? చెప్పుకో" అన్నాడు.

మూడో రోజు పంతులమ్మ శాలువా తెచ్చింది. కూర్చుని కూర్చుని నీలం వైపు కొంత నలిగింది గానీ, బట్ట గట్టిగానే ఉంది. తండ్రీ కూతుళ్లు దాన్ని కిటికీ వెలుతురులో పరిచారు. బూడిద వైపు నాలుగు వరసల ముడత ఇంకా అలాగే ఉంది. కూతురు ముడత చూడలేదు. దాని పక్కన, రెండు వైపులా ముఖమే ఉన్న బట్టలో, దారపు కొస ఒక్కటి కూడా బయటికి రాకుండా అల్లిన జానెడు కోతను వేళ్లతో తడిమింది. భూతద్దం పెట్టి చూసింది. మళ్లీ తడిమింది.

"కొసలు ఎక్కడ దాచావు నాన్నా?"

"రెండు పొరల మధ్య."

"నాకు నేర్పలేదే ఇది!"

"దీని గురించి చెబితే అంతా చెప్పాల్సి వచ్చేది."

ఆ పిల్ల తండ్రిని అలా చూసిన సందర్భం అంతకుముందు లేదు. పిల్లలు పెద్దవాళ్లను చూసే చూపు కాదది. పని తెలిసినవాళ్లు పని తెలిసినవాళ్లను చూసే చూపు.

"దారం కావాలమ్మా" అన్నాడు రఫ్ఫాయన పంతులమ్మతో. "ఆ రోజు కుచ్చులు ముట్టుకోకూడదన్నారు. ముట్టుకుంటే తెలిసిపోతుందని. అందుకే బజారు దారం వాడాల్సి వచ్చింది, అందుకే ముడుచుకుంది. దీని సొంత దారం ఉంటే ఆ రోజే నిలిచేది."

"అంటే దాచాలనుకోవడం వల్లే పని చెడిందన్నమాట."

"అదేనమ్మా."

"నా శాలువా, నా కుచ్చులు. ఎన్ని పోగులు కావాలంటే అన్ని తీసుకో."

ఆయన ఒక మూల కుచ్చు విప్పి, ఎనిమిది బూడిద రంగు పోగులు తీశాడు. శాలువాతోపాటే కుర్చీ మీద ఏళ్లు గడిపి, దానితోపాటే వయసు మళ్లిన దారం. పాత నాలుగు వరసల్ని సూదిమొనతో ఒక్కో పోగు చొప్పున ఊడదీశాడు. కూతురు సూదుల్లోకి దారం ఎక్కించి అందిస్తూ, కళ్లు ఆర్పకుండా ఆయన వేళ్లనే చూసింది. మూడో వరస దగ్గర ఆయన సూది ఆమె చేతికిచ్చి, కొసను పొరల మధ్యకు ఎలా పంపాలో చూపించాడు. ఆమె పంపింది. "ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' ఎంత పెద్ద మెప్పో ఆ గదిలో గొడుగులాయనకు కూడా తెలుసు. అతను గొడుగు పక్కన పెట్టి, "ఆఁ! విన్నాను, విన్నాను" అన్నాడు. నాలుగో వరస ఆయనే ముగించాడు. శాలువాను నీళ్లలో ముంచి, పిండి, ఆరేశారు.

రెండ్రోజుల తర్వాత పంతులమ్మ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. బూడిద వైపు చూసింది, తిప్పి నీలం వైపు చూసింది, మళ్లీ తిప్పింది. అరచేత్తో అటూ ఇటూ రాసి చూసింది. ముడత జాడ లేదు. అక్కడ చిరుగు ఉందని ఆమెకంటే బాగా తెలిసిన మనిషి లోకంలో లేదు, అయినా ఆమెకే దొరకలేదు.

"చాలా బాగుందయ్యా" అంది. అని శాలువాను విదిలించి, ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి, బూడిద వైపు పైకి వచ్చేలా భుజాల చుట్టూ కప్పుకుంది. సంచిలో చెయ్యి పెట్టి, "ఎంతివ్వమంటావు?" అని అడిగింది.

రఫ్ఫాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్కన కూతురు కూడా లేచింది.

"ఇచ్చేదేమీ లేదమ్మా. మీ నాలుగు వరసలూ మీకు ముట్టాయి."